రాగి గింజ ఏ గిరిలో నిలబడాలి?

మా చిన్నప్పుడు... పాకాల దగ్గర మా పల్లె బడిలో శనివారం మధ్యాహ్నం పలకలు మూలన పడేసేవాళ్లం. అయ్యవారు బడి ముందు సున్నంతో మూడు గిరులు గీసేవారు. ఒకటి జంతువులకు, ఒకటి చెట్టూచేమకు, మూడోది ప్రాణం లేనివాటికి. మేమంతా గుప్పిట్లో ఏదో ఒకటి తేవాలి... చీమో, చింతాకో, గులకరాయో. ఆయన చప్పట్లు కొట్టగానే ఎవరి వస్తువు ఏ జాతిదో ఆ గిరిలోకి పరుగెత్తాలి.

నేను ప్రతిసారీ తప్పు గిరిలోనే నిలబడేదాన్ని. పిల్లలంతా ఒకటే నవ్వు.

ఒకసారి తిరగలి పక్కన రాలిన రాగి గింజలు పట్టుకెళ్లి రాళ్ల గిరిలో నిలబడ్డాను. కదలదు, మెదలదు... ఇంక దానికి ప్రాణమేమిటి? అయ్యవారు చెయ్యి పట్టుకుని చెట్ల గిరిలోకి తెచ్చారు.

"అది సచ్చిపోలేదు పాపా, నిద్రపోతా ఉండాది. నీళ్లు తగిలితే లేస్తాది."

ఆ గింజల్ని తడిగుడ్డలో మూటగట్టి కిటికీలో పెట్టారు. కొద్దిరోజులకు తెల్లటి మొలకలు వచ్చాయి. నాకు ఎంత సంబరమో... ఇంటికెళ్లి అటక మీది విత్తనాల కుండకు చెవి ఆనించి విన్నాను కూడా!

ఆ కుండంటే ఇంట్లో అందరికీ భయభక్తులు. పై ఏటికి చల్లడానికి మంచి రాగులు ఏరి, బూడిద కలిపి, వేపాకు వేసి, మూతికి పేడ మెత్తేవాళ్లు. వాన పడ్డాకే మా అవ్వ పసుపు పెట్టి దాన్ని తెరిచేది. అంతవరకు ఎంత ఆకలైనా దాని జోలికి ఎవరూ పోకూడదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. బియ్యం కంటికి కనిపించేవి కావు. వరసగా వానలు ఎగ్గొట్టాయి. బావి ఎండింది, గొడ్లు పోయాయి. తినే రాగులు కూడా అయిపోయాక గంజికీ గతి లేకపోయింది. పాలు మరవని తమ్ముడు ఏడ్చే ఓపిక కూడా లేక అమ్మ ఒళ్లో వాలిపోయి ఉండేవాడు.

ఒకరోజు అమ్మ కుండ దించింది. అవ్వ అడ్డం పోలేదు, గోడ వైపు తిరిగి కూర్చుంది. నేనే అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు మా. దాంట్లో ప్రాణం ఉండాదని అయ్యోరు చెప్పినాడు."

"తెలుసు మే," అంది అమ్మ. "నీ తమ్ముడిలో గూడా ఉండాది కదా."

పేడ మూత పగలగొట్టి, బూడిద చెరిగి, తిరగలిలో పోసింది. సంగటి చేసింది. అందరం వేళ్లు నాక్కుంటూ తిన్నాం. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ... చాలా రుచిగా ఉంది.

కుండ ఖాళీ అయ్యాక వాన పడింది. ఊరంతా తడిసింది. అరువు అడుగుదామన్నా ఏ ఇంట్లోనూ విత్తనం మిగల్లేదు. నాయన తడిసిన చేను చూసి వచ్చి, ఆ కుండను ఒక్క తన్ను తన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

ఆ శనివారం బడికి కుండ పెంకు పట్టుకెళ్లాను. చప్పట్లు వినగానే రాళ్ల గిరిలో నిలబడ్డాను.

"ఈ పొద్దు సరిగ్గా నిలబడినావు పాపా," అని అయ్యవారు మెచ్చుకున్నారు. పిల్లలు ఈసారి నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత మేం కూలికని కాట్పాడి వైపు వెళ్లిపోయాం. మళ్లీ బడి ముఖం చూడలేదు. తమ్ముడు ఆ చలికాలం దాటలేదు.

ఇప్పుడు మా మునిమనవరాలు ఇదే ఆట ఫోనులో ఆడుతోంది. బొమ్మల్ని వేలితో లాగి గడుల్లో పెడుతుంది. నిన్న గింజ బొమ్మ చూపించి, "దీన్ని ఏ గడిలో పెట్టేది అవ్వా?" అని అడిగింది. దాని వేలు పట్టుకుని చెట్ల గడిలో పెట్టించాను...

ఇప్పుడు మా వైపు అందరూ అంగడి ప్యాకెట్లే చల్లుతున్నారు. అటకల మీద కుండలు లేవు. మీ ఇళ్లల్లో ఎవరైనా ఇంకా విత్తనం దాస్తున్నారా? ఉంటే ఒక్క మాట రాయండి... మా ఊళ్లో అడిగి అడిగి మానేశాను.