కానుకల సంచిలో నా వంద నోటు

చర్చిలో నూరు మంది ముందు నేను దొంగను పట్టుకున్న కథ ఇది. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే వరసలో నిలబడండి. మీకంటే ముందు చాలామంది ఉన్నారు.

అప్పటికి నేను బొగ్గుబాయి పని నుంచి రిటైరై కొత్తగూడెంలోనే కిరాయి ఇంట్లో ఉంటున్నాను. యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చినవాణ్ణి కాబట్టి, కాగితం కనిపిస్తే కోడిపిల్ల మీద గద్దలా వాలేవాణ్ణి. మనవరాలు గ్రేసీ నర్సింగు చదువు కోసం నెలకు వెయ్యి చొప్పున ఒక మ్యూచువల్ ఫండులో వేస్తున్నాను. ఏజెంటు మా చర్చిలో డోలు వాయించే డానియేలు.

రెండువేల ఎనిమిది చివర్లో ఫండు కాగితం వచ్చింది. వేలు పెట్టి చదివాను. నాలుగేళ్లలో కట్టింది నలభై ఎనిమిది వేలు, ఉన్నది ముప్పై ఏడు. వేలు మార్చి చదివాను. ముప్పై ఏడే.

"పదకొండు వేలు యాడికి పోయినయ్ రా?" అని డానియేలును నిలదీశాను.

"మార్కెట్ పడ్డది కాకా. అందరియి గట్లనే తగ్గినయ్. ఈ ఫండు అసలే మందంగ నడుస్తున్నది, వేరేదాంట్లకు మారుద్దామని మూడుసార్లు చెప్పిన."

"మారిస్తే కమీషన్ నీకేనా?"

"నాకే."

అడగగానే ఒప్పుకున్నాడు. అంతకన్నా అనుమానించవలసింది ఇంకేముంటుంది, మీరే చెప్పండి. పైగా ఆ నెలే కొత్త బండి కొన్నాడు.

బాయిలో మాకొక పద్ధతి ఉండేది. దిగేముందు తీసుకున్న దీపం నంబరు రాసుకునేవారు. పైకొచ్చాక ఆ నంబరు దీపమే అప్పజెప్పాలి. అది రాలేదంటే కింద మనిషి చిక్కుకుపోయినట్టు. ఆ తెలివిని నేను డబ్బుకు వాడాను. తర్వాతి నెల కట్టాల్సిన పది వందనోట్ల నంబర్లు గ్రేసీ నోటుబుక్కులో దించాను. ముందుండే ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు గనక బొమ్మల్లా గీశాను. ఆ నోట్లు ఎప్పటిలాగే నా భార్య మరియమ్మ చేత డానియేలు ఇంటికి పంపాను. ఫండు ఆఫీసుకు పోయి, సరిగ్గా ఈ నోట్లే చూపించమని పట్టుబట్టాలని నా పథకం.

అంత దూరం పోకుండానే పని అయింది. ఆదివారం ఆరాధన తర్వాత కానుకల సంచి లెక్కపెట్టేది నేనే. నాలుగో వంద నోటు దగ్గర నా వేలు ఆగిపోయింది. నోటుబుక్కు తీసి చూశాను. అంకెకు అంకె, బొమ్మకు బొమ్మ సరిపోయాయి.

ఒక్క అంగలో గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "ఎవ్వరూ పోవొద్దు. గ్రేసీ పైసలు తిన్నోడు ఈడనే ఉన్నడు."

"ఏమైంది పెద్దాయనా, కూర్చుని మాట్లాడుకుందాం," అన్నారు పాస్టర్ గారు.

"కూసునేది లేదు అయ్యగారూ. డానియేలూ, ఫండ్ల కట్టమన్న నోటు కానుకలకు ఎట్ల వచ్చింది? నా మనవరాలి పైసలతోని పుణ్యం కొంటున్నవా?"

డానియేలు నోటును అటూ ఇటూ తిప్పాడు. "కాకా, నాకు వచ్చినయి తొమ్మిదే."

"పది పంపిన. లెక్క రాసిపెట్టిన."

"రెండేండ్ల సంది తొమ్మిదే వస్తున్నయ్. ఇంట్ల ఇబ్బందేమో, అడిగితే చిన్నబోతవని అడగలే. తక్కువైన వంద నేనే ఏస్తున్న. కట్టుడు తప్పితే పిల్ల చదువు ఆగమైతది."

ఆడవాళ్ల వైపు నుంచి మరియమ్మ లేచింది. తల మీద ముసుగు సర్దుకుంది.

"ఆ నోటు నేనేసిన. నెలకొకటి ఏస్తనే ఉన్న."

"నాకు చెప్పకుండనా?"

"నీకు చెప్పేదేంది? దశమభాగం దేవునిదని రెండేండ్ల కింద బైబిల్ల వేలు పెట్టి చదివి వినిపించింది నువ్వే కదా. మా ఆయనకు చదువొచ్చిందని సంబరపడి ఆ నెల నుంచే మొదలువెట్టిన. చదివినోనివి నువ్వు ఏసినవా ఎన్నడన్న?"

పాస్టర్ గారికి ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంది. మిగతావాళ్లు దగ్గే శ్రమ కూడా పడలేదు, నవ్వేశారు.

డానియేలుకు రెండువేల నాలుగువందలు ఇచ్చేశాను. ఫండు అతను చెప్పినదానికే మార్చాను. కమీషన్ ఎంతొచ్చిందో అడగలేదు. అడగాలని మాత్రం ఇప్పటికీ ఉంది.

ఆ రోజు అక్కడే, అందరి సాక్షిగా, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను: ప్రాణం పోయినా సరే, ఇక మరియమ్మ వినేటట్టు ఏదీ పైకి చదవను.