హెల్మెట్ పెట్టుకొని మోకరించిన రోజు

నా ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మీ అందరి ముందు నిలబడి మాట్లాడడానికి ఈ ఊపిరి ఇచ్చిన దేవునికే మహిమ! ఊపిరి అని మాటవరసకు అనడం లేదు, నిజంగానే అంటున్నాను, ఎందుకంటే పోయిన ఎండాకాలం నా ఊపిరి నా వశంలో లేదు. రేసు కారు నడిపే పిల్లను, ఈ పాల్వంచ కాలనీలో నాన్న స్కూటీ వెనకాల కూర్చోవడానికే భయపడ్డాను. హెల్మెట్ తలమీద పెట్టగానే ఎవరో గొంతు పట్టుకున్నట్టు అయ్యేది, గుండె దడదడలాడేది, తీసి పారేసి గేటు పట్టుకొని నిలబడేదాన్ని. నాన్న స్కూటీకి స్టాండు వేసి, నాతోపాటు షేర్ ఆటో కోసం రోడ్డు దాకా నడిచేవాడు. ఇంట్లో మిక్సీ మోగినా ఉలిక్కిపడేదాన్ని. అలాంటి రోజులు నా శత్రువుకు కూడా రావద్దు!

నన్ను ఎరగని వాళ్ల కోసం చెబుతున్నాను, నా పేరు దీవెన. నాన్నకు కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, అమ్మ మన స్త్రీల కూడికలో అందరి కోసం ప్రార్థన చేసే మనిషి. మా సొంత తండా టేకులపల్లి అవతల ఉంది, నాయనమ్మ ఇంకా అక్కడే ఉంటుంది. నా చిన్నతనంలో సెలవులకు హైదరాబాదు పోయినప్పుడు నాన్న నన్ను సరదాగా గో-కార్ట్ ఎక్కించాడు, నేను దిగనని ఒకటే ఏడుపట! అక్కడ మొదలైంది. పెద్దయ్యే కొద్దీ కార్టుల పోటీలకు పోయాను, ఒక టీం వాళ్లు కొత్త పిల్లలను పరీక్షించి తీసుకుంటున్నారంటే అక్కడికీ పోయి ఎంపికయ్యాను, ఆ తర్వాత ఫార్ములా కారు ఇచ్చారు. పైకప్పు ఉండదు, చక్రాలు నాలుగూ బయటకే ఉంటాయి, ఒక్క మనిషే పడుతుంది. అందులో కాళ్లు చాపి దాదాపు పడుకున్నట్టే కూర్చోవాలి, మెకానిక్ పైనుంచి బెల్టులు బిగించాడంటే భుజం కూడా కదలదు. నాకు అదంటే ప్రాణం! ఆడపిల్లకు ఈ రేసులేంటి అన్నవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు, వాళ్లు ఇవాళ ముందు వరసలోనే కూర్చున్నారు, వాళ్లకు కూడా నా వందనాలు.

మనకో అలవాటు ఉంది కదా, కొత్త ట్రాక్టరు కొన్నా, కుట్టు మిషను కొన్నా, చేన్లో బోరు వేసినా, పాస్టరు అయ్యగారిని పిలిపించి ప్రార్థన నూనె రాసి దేవునికి అప్పగిస్తాం. మా అమ్మ చేతిసంచిలో ఆ చిన్న నూనె సీసా ఎప్పుడూ ఉంటుంది. చెన్నై దగ్గరి ట్రాకులో నా పోటీ చూడడానికి అమ్మ మొదటిసారి వచ్చింది, వచ్చిన మనిషి ఆ మోతకు, ఆ వేగానికి చెవులు మూసుకొని ఒక మూల కూర్చుంది. నేను మా ఇంజనీరుతో మాట్లాడుతుంటే అమ్మ నా హెల్మెట్ ఒళ్లో పెట్టుకొని కన్నీళ్లతో ప్రార్థన చేసి, దానికి నూనె రాసింది. బయట రాస్తే చాలదనుకుందో ఏమో, అద్దం లేపి లోపల కూడా చుట్టూరా రాసింది! తల్లి ప్రేమ సహోదరులారా, అందులో కల్మషం లేదు.

పోటీ సాయంత్రం పూట. మొదట అంతా బాగానే ఉంది, ఇద్దరిని దాటాను కూడా, కానీ లోపలి వేడికి, నా ఊపిరికి, ఆ నూనె మెల్లగా అద్దమంతా పరుచుకుంది. పొద్దు కిందికి దిగింది. చివరి మలుపు దగ్గర ఎండ నేరుగా ముఖానికి కొడుతుంది, అక్కడికి రాగానే నా కళ్లముందు మొత్తం తెల్లగా అయిపోయింది. మురికి పడితే లాగి పారేయడానికి అద్దం మీద పల్చటి పొరలు అంటించి ఉంటాయి, ఒకటి లాగాను, ఇంకొకటి లాగాను, ఏమీ మారలేదు, ఎందుకంటే మరక లోపల ఉంది! బ్రేకు వేయాల్సిన చోటు దాటిపోయింది, కారు పోయి టైర్ల గోడను గుద్దింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఒక్కటే, బెల్టుల్లో ఇరుక్కొని ఊపిరి అందక నోరు తెరిచి కొట్టుకోవడం.

మణికట్టు చిట్లింది, పక్కటెముకలు కమిలాయి, అంతే. ఆ వేగానికి అంతే అంటే అది దేవుని కృప కాక ఇంకేంటి! మా మెకానిక్ మురుగన్ అన్న నా హెల్మెట్ అద్దాన్ని వెలుతురుకు పట్టి చూసి, వేలితో రుద్ది, వాసన చూసి, "ఆయిల్" అన్నాడు. అమ్మకు తమిళం రాదు కానీ ఆ ఒక్క మాట అర్థమైంది. పక్కనే నిలబడి ఉన్న మనిషి అలాగే కింద కూలబడిపోయింది. రైల్లో ఇంటికి వచ్చేదాకా నా కట్టు కట్టిన చేతినే చూస్తూ కూర్చుంది.

చెయ్యి మానింది. డాక్టరు చూసి ఇంకేం ఫర్వాలేదు, కారు నడుపుకోవచ్చు అన్నాడు. ఎంతో ఆశగా కోయంబత్తూరు ట్రాకుకు పోయాను, కార్లో కూర్చున్నాను, మురుగన్ అన్న బెల్టులు బిగించాడు, అద్దం దించాను, అంతే సహోదరులారా! ఊపిరి ఆగిపోయింది, ఇంజను కూడా ఇంకా స్టార్టు కాలేదు, నేను రెండు చేతులతో స్టీరింగును కొడుతూ తీయండి తీయండి అని అరిచాను. మళ్లీ ఎక్కాను, మళ్లీ అదే. మా టీం మేనేజరు మంచి మనిషే, కోప్పడలేదు, పోటీకి ముందు కారు నడిపి చూసే టెస్టుకు ఇంకోసారి రా, అప్పుడూ కాకపోతే కారు వేరేవాళ్లకు ఇవ్వక తప్పదు అన్నాడు. ఆయన స్థానంలో ఉంటే నేనైనా అదే అంటాను. కానీ చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన పని అదొక్కటే, అది కూడా పోతే నేను ఏం కావాలి?

ఇంటికి వచ్చాక సలహాలకు కొదవ లేదు. పక్కింటి ఆంటీ దిష్టి తీయించమంది, ఇంకొకాయన తాయత్తు కట్టిస్తానన్నాడు. వాళ్ల ప్రేమ వాళ్లది. కానీ మన విశ్వాసి ఒకరు ఇంటికి వచ్చి మంచినీళ్లు తాగి, "దేవునికి ఇష్టం లేదమ్మా, అందుకే పడేసిండు" అని పోయారు. అది అమ్మకు గుండెల్లో దిగింది. అప్పటి నుంచి అమ్మ ఎవరి తలమీదా చెయ్యి పెట్టలేదు, జ్వరం వచ్చిన పిల్లలను తెచ్చినా అయ్యగారి దగ్గరకు తీసుకపోండి అనేది. నేను మాత్రం బాత్రూంలో నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడుస్తూ ఒకటే అడిగేదాన్ని: "ప్రభువా, నాకు కప్పు వద్దు, ఫోటో వద్దు, ఒక్కసారి ఆ అద్దం దించుకొని ఊపిరి తీసుకోనియ్యి, అంతే చాలు తండ్రీ!"

టెస్టు దగ్గరపడుతుంటే నాయనమ్మ ఫోను చేసింది. "శుక్రవారం ఉపాస ప్రార్థన ఉన్నది, నువ్వు, మీ అమ్మ ఇద్దరు రాండ్రి. వచ్చేటప్పుడు గా టోపీ గూడ తీస్కరా" అంది. హెల్మెట్‌ను ఆమె టోపీ అనే అంటుంది. అదెందుకు నాయనమ్మా అంటే, "రోగమున్నోళ్లు రోగం పట్టుకొని రారా ఏంది?" అని పెట్టేసింది!

తండాలో మన మందిరం ఎట్లుంటుందో మీలో కొందరికి తెలుసు, పైన రేకులు, కింద చాపలు, కిటికీలోంచి అడవి గాలి. ఆడవాళ్లందరూ కొంగు తలమీద కప్పుకొని కూర్చున్నారు. నేను తొందరలో చున్నీ మరిచిపోయి వచ్చాను. ముసుగు లేకుండా ప్రార్థనలో ఎలా కూర్చుంటావని పాస్టరమ్మగారు తువ్వాల కోసం అటూ ఇటూ వెతుకుతుంటే, నాయనమ్మ సంచి విప్పి హెల్మెట్ బయటకు తీసింది.

"గింత పెద్ద టోపీ ఉన్నది గద, గిదే పెట్టుకోనియ్యుండ్రి! ముసుగు కన్న గట్టిగనే ఉన్నది."

మందిరమంతా నవ్వింది సహోదరులారా! అయ్యగారు కూడా నవ్వారు, నేనూ నవ్వాను, ఎన్ని నెలలైందో నేను నవ్వక! ఆ నవ్వులోనే హెల్మెట్ పెట్టుకొని చాపమీద మోకరించాను. నవ్వు ఆగగానే భయం వచ్చింది, అదే గొంతు పట్టుకోవడం, అదే దడ, తీసి పక్కన పెట్టేశాను. సిగ్గుతో తల దించుకున్నాను. నాయనమ్మ నా వీపు రాస్తూ, "తీస్తె తీస్తివి తియ్యి, దేవుడేం లేచి పోడు. ఊపిరి తీస్కొని మళ్ల పెట్టుకో" అంది.

మళ్లీ పెట్టుకున్నాను, మళ్లీ తీశాను. మధ్యాహ్నమంతా అదే పని! ఒకళ్లు కూడా విసుక్కోలేదు, ఒకరు అలసిపోతే ఇంకొకరు అందుకున్నారు, తెలుగు వచ్చినవాళ్లు తెలుగులో, మిగిలినవాళ్లు తండా భాషలో, ఉపవాసంతో నోళ్లు ఎండిపోతున్నా నా కోసం దేవునికి మొరపెట్టారు. అప్పుడు నాయనమ్మ గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మ వైపు తిరిగింది.

"కోడలా, అందరి చేతులు వచ్చినయ్, నీ చెయ్యి ఏది?"

"నా చెయ్యి వద్దత్తా," అంది అమ్మ. "నా చేతితోనే గదా పిల్ల గట్లయింది."

"అవ్, నీ చేతితోనే అయింది," అంది నాయనమ్మ. "నీ చేతితోనే పెరిగింది గూడ. రా!"

అమ్మ వచ్చింది. చెయ్యి హెల్మెట్ మీద పెట్టింది, లోపల నా తలకు ఆ బరువు తెలిసింది, అద్దం దించేశాను. లోపల చీకటిగా ఉంది, అందరి గొంతులూ ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి, అమ్మ గొంతు మాత్రం దగ్గరగా వినిపించింది. "యేసయ్యా, నాకు తెల్వక చేసిన. నా బిడ్డకు మేలు గావాల్నని చేసిన. నన్ను చూసి గాదు, దాన్ని చూసి దాని ఊపిరి దానికియ్యి తండ్రీ! నా బిడ్డ భయపడ్తుంటే నేను చూడలేకపోతున్న అయ్యా!" అమ్మ ఏడుస్తూనే ఉంది, చెయ్యి తీయలేదు. ఆమె ప్రార్థన వింటూ వింటూ నా ఊపిరి సంగతే మరిచిపోయాను. గుర్తొచ్చి చూసుకుంటే, ఊపిరి వస్తోంది, పోతోంది, వస్తోంది, పోతోంది! దేవునికే స్తోత్రం! ఆయన ఆకాశం నుంచి మెరుపేమీ పంపలేదు, మా వాళ్ల ఓపికలో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆమెన్ అన్నాక కూడా నేను హెల్మెట్ తీయలేదు, చాయ్ తెచ్చిన అక్క తాగుతావా లేదా అని అద్దం మీద కొట్టి అడిగింది!

ఆ తర్వాత టెస్టుకు అమ్మ కూడా వచ్చింది. కారు దగ్గరకు రాకముందే నల్లా దగ్గరకు పోయి సబ్బుతో చేతులు కడుక్కొని, కొంగుతో తుడుచుకొని, బడిపిల్లలా రెండు అరచేతులూ మురుగన్ అన్నకు చూపించింది. ఆయన పడీ పడీ నవ్వాడు, తర్వాత తనే తల వంచి, తన కోసం కూడా చేయమని సైగ చేశాడు. అమ్మ ఇద్దరి కోసమూ ప్రార్థన చేసింది. బెల్టులు బిగించారు, అద్దం దించాను, భయం వచ్చింది. అబద్ధం ఎందుకు, వచ్చింది! వస్తే రానీ అని ఊపిరి తీసుకున్నాను, కారు కదిలింది. ఒక చుట్టు తిరిగి వచ్చాను, ఇంకో చుట్టు పోయాను, ఇక చాలు లోపలికి రా అని రేడియోలో మేనేజరు పిలిచేదాకా తిరుగుతూనే ఉన్నాను, లోపల ఒక్కదాన్నే హల్లెలూయ అని అరుచుకుంటూ! కారు నా చేతిలోనే ఉంది సహోదరులారా. ఆ తర్వాతి పోటీలో గెలిచానా అంటే గెలవలేదు, చాలామంది వెనకాలే వచ్చాను, అయినా కారు దిగి అమ్మను పట్టుకొని ఏడ్చిన ఏడుపు చూసి జనం నేనే మొదట వచ్చాననుకున్నారు. ఎంత తేలికగా ఉండింది నా ప్రాణం, ఎలా చెప్పను!

ఇవాళ ఈ మందిరంలో భయంతో కూర్చున్నవాళ్లు ఉన్నారు. భయపడ్డందుకు విశ్వాసం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. నలుగురిలో చెప్పండి, సిగ్గుపడకండి, నాలుగుసార్లు తీసి పెట్టుకున్నా విసుక్కోని దేవుడు మనకున్నాడు, ఆయనను నమ్మండి. ఆరాధన మొదలు కాకముందు ఎస్తేరు అత్త నన్ను చెప్పుల దగ్గర ఆపింది. అత్తకు రేపు ఖమ్మం దవాఖానాలో ఆపరేషన్, మీ అందరికీ తెలుసు. "బిడ్డా, మత్తిచ్చేటప్పుడు ముక్కుకు, నోటికి ఏదో మూత పెడ్తరంట గద, ఊపిరాడతదా?" అని చెవిలో అడిగింది. ఆరాధన మొదలైపోయింది, అప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

అత్తా, ఊపిరాడుతుంది. ముందు భయమేస్తుంది, తర్వాత ఆడుతుంది. ఇప్పుడు మేమందరం నీ చుట్టూ చేరి ప్రార్థన చేస్తాం, మా అమ్మ కూడా చెయ్యి పెడుతుంది. రేపు పొద్దున ఆటో మాట్లాడుకోవద్దు, బస్సు ఎక్కవద్దు, నేనే ఒక కిరాయి కారు తెచ్చి నీ గుమ్మం ముందు ఆపుతాను, నా పక్క సీట్లో కూర్చొని ఖమ్మం దాకా రా. భయపడకు అత్తా, మెల్లగనే నడుపుత.