చదవకుండా పెట్టని సంతకం

మా ఆడిటరు పోయారని కర్నూలు నుంచి ఆయన కోడలు ఫోన్ చేసేసరికి నేను అంగడి లెక్కల కాగితాలు సంచిలో సర్దుకుంటున్నాను. ఆ ఉదయం ఆయన దగ్గరికే పోవాలి. మిగిలిన సగం చదివి వినిపించాలి.

మాది పత్తికొండలో శనక్కాయల మండీ. మా ఆయన పోయాక లెక్కలు నేనే రాస్తాను. వాటిని తనిఖీ చేసి ఏటా ఆన్‌లైన్‌లో పంపేది ఆడిటరు. పంపాలంటే ఆయన సంతకమూ నా సంతకమూ పడాలి. అవిప్పుడు సిరాతో పెట్టేవి కావు. ఎవరి సంతకం వారి పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. కంప్యూటరుకు గుచ్చి రహస్య సంఖ్య కొడితే సంతకం పడినట్టే. వ్యాపారులు చాలామంది ఆ పెన్‌డ్రైవ్‌ను, సంఖ్యతో సహా, ఆడిటరు దగ్గరే వదిలేస్తారు. మొదటి ఏడు నేనూ బల్లమీద పెట్టి లేచాను.

"ఏమ్మా, చెయ్యి ఈడ మర్చిపోయి పోతాండావు," అన్నారు.

"నీ దగ్గరే ఉండనీలేప్పా. దీనికోసం మళ్లా బస్సెక్కి రావాల్నా?"

"రావాల. నీ సంతకం నా సొరుగులో ఉంటే అది నాదే అయితాది."

పంపే ముందు మొత్తం పైకి చదివేవారు. కాగితాలు ఎగురుతాయని ఫ్యాను ఆపేసేవారు. ప్రతి పద్దు దగ్గరా ఆగి నా ముఖం చూసేవారు. నేను తల ఊపితేనే కింది వరుస. సంతకాలు రెండూ పడ్డాకే కింది హోటలు నుంచి ఉగ్గాని, బజ్జీ వచ్చేవి. మీలో చాలామంది దీన్ని చాదస్తమనే అంటారు. చెమటలు తుడుచుకుంటూ నేనూ అన్నాను. కానీ నా లెక్కను నాతో సమానంగా పట్టించుకున్న మనిషి ఆయనొక్కరే.

ఈ ఏడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. చూపు మసకబారింది. మాట మిగిలింది. గడువు దగ్గరపడుతుంటే, ఆఫీసు చూసుకునే కొడుకు ఆయన పెన్‌డ్రైవ్ రహస్య సంఖ్య అడిగాడు. ఆయన చెప్పలేదు. వ్యాపారులు ఒక్కొక్కరే కాగితాలు వెనక్కి తీసుకుపోయారు. నేను పోయి మంచం పక్కన కూర్చున్నాను.

"నా లెక్క నీకు తెల్దా అప్పా? తప్పుంటే నా కమ్మలు నీ పెండ్లానికిస్తా. ఆ సంఖ్య చెప్పు, పని అయిపోతాది."

"దానికి కమ్మలుండాయి గానీ, నువ్వు చదువు. నేను వింటా. విన్నాక నేనే కొడతా."

చదివాను. పద్దు సరే అనిపిస్తే దుప్పటి మీద ఎడమచేతి వేలు ఎత్తేవారు. అప్పుడు కిందికి పోయేదాన్ని. గోనెసంచుల ఖర్చు దగ్గర వేలు లేవలేదు. మళ్లీ చదివాను. నిద్రపోయారు.

"శానా అలిసిపోయినాడు. రేపు రాండవ్వా," అంది కోడలు.

ఆ రేపటి ఉదయమే ఫోన్ వచ్చింది.

దినాలయ్యాక ఇంకో ఆడిటరు దగ్గరికి పోయాను. కుర్రవాడు, మర్యాదస్తుడే. చదవమంటే నవ్వాడు.

"చదివేదేముందవ్వా? పెన్‌డ్రైవ్ ఆడ పెట్టిపో. నేను చూసుకుంటా."

అతను చూపిన ట్రేలో పేర్ల చీటీలు అంటించిన పెన్‌డ్రైవ్‌లున్నాయి. చీటీ మీదే రహస్య సంఖ్య. అందులో కొన్ని పేర్లు నాకు తెలుసు. నిన్నటిదాకా మా ఆడిటరు ముందు కూర్చుని తల ఊపినవాళ్లవే.

నేను పెట్టలేదు. ఆదోనిలోనూ అడిగి చూశాను. అక్కడా అదే ట్రే. గడువు దాటిపోయింది. జరిమానా ఎంతైతే అంత కడతాను, దాని గురించి కాదు. ఎవరి ముందు చదవాలో తెలియడం లేదు. ఈ వయసులో ఇంక తెలుస్తుందన్న ఆశా లేదు.

పెన్‌డ్రైవ్ నా వక్కాకు సంచిలోనే ఉంది. అప్పుడప్పుడు కాగితాలు తీసి, ఫ్యాను ఆపి, ఒక్కదాన్నే పైకి చదువుతాను. గోనెసంచుల దగ్గరికి వచ్చేసరికి ఆగుతాను. దుప్పటి మీద ఆ వేలు లేస్తుందేమోనని చూస్తూ ఉంటాను.