తెల్ల బట్టకు పసుపు

మస్కట్‌లో నవంబరు వచ్చిందంటే జాతీయ దినోత్సవం సెలవులు. అప్పుడు రెండువేల ఐదో, ఆరో. వీధి దీపాలకు జెండాలు, కార్లకు జెండాలు, ఆఖరికి మా వీధి బేకరీలో కేకు మీద కూడా జెండాయే. డ్రైవరుగా పనిచేసే మా ఆయనకూ సెలవు, ఇక మంచం దిగితే ఒట్టు. నాకు మాత్రం గుబులు. ఆయన ఒక్కడి జీతంతో అక్కడ ఇద్దరం నెట్టుకు రాలేకపోతున్నాం. నేను కుట్టుపని అయినా పట్టాలి, లేదంటే సెలవులు కాగానే గద్వాలకు, అమ్మవాళ్ల మగ్గం దగ్గరికి వెళ్లిపోవాలి. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఆయన్ని వదిలి వెళ్లడం తలుచుకుంటే ఏడుపొచ్చేది, కోపమూ వచ్చేది.

ఇంట్లో కుట్టుమిషను పెట్టుకోవాలంటే యజమానురాలు ఒప్పుకోవాలి. కింది అంతస్తులో ఉండే ఆ పెద్దావిడకు ఉర్దూ వచ్చు, నాకు మా గద్వాల ఉర్దూ వచ్చు. అయినా ఎప్పుడడిగినా "చూద్దాం" అనేది.

సెలవుల మొదటి రోజే ఆమె మా తలుపు కొట్టింది. చేతిలో కొత్త దిష్‌దాషా, అంటే అక్కడి మగవాళ్లు వేసుకునే పొడుగాటి తెల్ల చొక్కా. ఆమె భర్త చాలాకాలం దవాఖానాలో ఉండి వచ్చాడు. నడుం వంగిపోయి, చొక్కా అంచు నేలను ఊడుస్తోందట. మర్నాడు సాయంత్రం పండగకు బంధువులంతా కలిసే చోటికి ఆయన మొదటిసారి బయటికి వెళ్లాలి. దర్జీ దుకాణాలన్నీ మూసేశారు.

"నీ చేతిపని ఎలా ఉందో చూస్తాను," అంది.

చూడనీ అనుకున్నాను! కుట్టు పైకి కనపడకుండా చేత్తోనే అంచు మడిచి కుట్టాను. మర్నాడు పొద్దున్నే ముగించి దారం కొరికాను. మా ఇంట్లో మగ్గం మీంచి చీర దిగితే, మూలకు ఇంత పసుపు పెట్టనిదే మడత వేయరు. నా చెయ్యి దానంతటదే పసుపు డబ్బాలోకి పోయింది. తడి వేలితో ఆ తెల్లటి అంచుకు పెట్టేశాను.

"ఏం జేసినవే! తెల్లబట్ట గాదే అది!" అంటూ మా ఆయన మంచం మీంచి దూకాడు.

"అయ్యో, నా చెయ్యి పడిపోను!"

"జల్ది సబ్బు రుద్దు."

"సబ్బు రుద్దితే ఎర్రగయితది. నీకు తెల్వదు, జర సప్పుడు జేయకు. ఎండకే పోవాలె."

మిద్దె ఎక్కి, అంచు తడిపి, ఎండలో పరిచి పక్కనే కూర్చున్నాను. మరక పలచబడుతోంది కానీ పోవడం లేదు. ఎండను తిట్టాను, అలవాటు చేసిన అమ్మను తిట్టాను, పసుపు దంచి పంపిన అత్తనూ వదల్లేదు. మిషను ఆశ వదులుకుని మనసులో పెట్టె కూడా సర్దేసుకున్నాను.

మధ్యాహ్నం ఆమె మెట్లెక్కి వచ్చింది. మరక మీద వేలు పెట్టి, "ఇదేమిటి?" అంది.

అబద్ధం నోటికి రాలేదు. "మా ఊళ్లో కొత్త బట్టకు పసుపు పెడతాం, తొడుక్కున్నవాళ్లు చల్లగా ఉండాలని. అలవాటుకొద్దీ పెట్టేశాను, తప్పయింది. సాయంత్రానికి పోతుంది," అన్నాను.

ఆమె ఆ అంచును చేతిలోకి తీసుకుని వేలితో తడిమింది.

"మరి ఎందుకు పోగొడుతున్నావు?" అంది. "ఆయన ఇన్నాళ్లకు గడప దాటుతున్నాడు. లోపలి వైపు, ఎవరికీ కనపడకుండా, ఇంకాస్త పెట్టు."

పరుగున కిందికి పోయి డబ్బా తెచ్చాను. ఏడుస్తూనే పెట్టాను. ఆమె నా పక్కన కూర్చుని చూస్తూ, "మిషను ఏ గదిలో పెట్టుకుంటావు?" అని అడిగింది.