ముగ్గురాయి పేపరు

మా ఇంగ్లీషు సారు పోయారు. పొద్దున బడికి బయలుదేరుతుంటే ఆత్మకూరు నుంచి ఫోను వచ్చింది, సారు ఇంటి పక్కాయన. "సారు లేడమ్మా, నిద్దర్లోనే పోయినాడు" అన్నాడు. నాకు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పింది ఆయనే. తర్వాత నేనూ ఇంగ్లీషు టీచరునై, కోయిలకుంట్లలో పనిచేస్తూ, వేసవి రాగానే కర్నూలుకు పోయి, ఆయన పక్క కుర్చీలోనే కూర్చుని పదో తరగతి పేపర్లు దిద్దాను. అన్ని బళ్ల టీచర్లనూ ఒకచోట చేర్చి పేపర్లు దిద్దించే ఆ పనిని మేం స్పాట్ అంటాం.

మధ్యాహ్నానికి మా ఇంగ్లీషు టీచర్ల వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. మొదటి మహానుభావుడు 'హార్ట్‌ఫెల్ట్ కండోలెన్సెస్' అని పెడుతూ ఒక అక్షరం మింగాడు. కిందున్నవాళ్లంతా వరసగా అదే అక్షరం మింగారు. ఒక్కరు కూడా సొంతంగా ఒక వాక్యం రాయలేదు. వీళ్లే పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు చూశాడని పిల్లవాణ్ని చెవి పట్టుకుని లేపుతారు. సారు బతికుంటే ఈ పేపర్లన్నీ ఒక పక్కకు తోసి, జేబులోంచి ఉడకబెట్టిన బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, తీసి వలుచుకునేవారు. ఆయన చొక్కా జేబులో ఎర్ర పెన్నూ బుడ్డలూ కలిసే ఉండేవి. పెన్ను తీస్తే పొట్టు కూడా వచ్చేది.

సారు సాధువేం కాదు. నోరు మంచిది కాదు, కోపం ముక్కు మీద ఉండేది. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు అందంగా రాసిన వ్యాసం తీసుకుపోతే, చూసి, "ఇది నువ్వు రాసిందా, గైడు రాసిందా?" అని అందరి ముందూ అడిగారు. ఆ సాయంత్రమంతా ఏడ్చాను. ఆ తర్వాత నాకు వచ్చిన నాలుగు ముక్కల ఇంగ్లీషుతోనే రాసుకుపోతే, "ఇప్పుడు కనపడతాండావు" అన్నారు. ఆయన దగ్గర ఉన్న కొలబద్ద అదొక్కటే. బిడ్డ చెప్పింది కళ్లకు కనపడిందా లేదా. సర్కారు లెక్కలో ఇంగ్లీషు ఎన్నో భాషైనా కానీ, మన పిల్లల ఇంట్లో అది ఎవరూ మాట్లాడరు. అరువు తెచ్చుకున్న మాటలతో వాళ్లు ఏదో ఒకటి చూపించగలిగితే అదే గొప్ప అనేవారు.

స్పాట్‌లో ఈ మాట చెప్పి ఏం లాభం? అక్కడ చదివేవాళ్లు ఎవరు? అండర్‌లైన్ చేసిన పేపరుకు ఒక లెక్క, చెయ్యని పేపరుకు ఒక లెక్క. గుండ్రటి చేతిరాత కనపడితే పేజీ తిప్పకముందే పెన్ను మార్కు వేసేస్తుంది. కొందరైతే ఒక చేత్తో టీ తాగుతూ, ఇంకో చేత్తో దిద్దుతూ, నోటితో ప్లాట్ల రేట్లు మాట్లాడుకునేవాళ్లు. మూడు పనుల్లో శ్రద్ధగా చేసేది ప్లాట్ల పని ఒక్కటే. సారు వాళ్లను తూకమేసేటోళ్లు అనేవారు, వాళ్లకు వినపడేటట్టే.

ఒక ఏడాది మీ నాన్న గురించి ఒక పేరా రాయండి అని ప్రశ్న ఇచ్చారు. పేపరు తర్వాత పేపరు ఒకటే నాన్న. నా నాన్న నా హీరో, మా ఇంటికి వెన్నెముక, నిజాయితీకి మారుపేరు. సారు విసుగెత్తి, "ఈ గైడు నాయనకు శానామంది పిల్లోళ్లుండారు కదమ్మా" అన్నారు. నవ్వు ఆపుకోలేక నేను బయటికి పోవలసి వచ్చింది.

తిరిగి వచ్చేసరికి సారు నవ్వడం లేదు. ఒక పేపరు నా ముందుకు జరిపారు. వంకరటింకర రాత. మై ఫాదర్ గోస్ టు ముగ్గు స్టోన్. హీ కమ్స్ వైట్. ఓన్లీ ఐస్ ఆర్ ఫాదర్. మా నాన్న ముగ్గురాయికి పోతాడు, తెల్లగా వస్తాడు, కళ్లు మాత్రమే నాన్న. ఏ ఊరి పేపరో తెలియకూడదని నంబర్లు మార్చి, అంచులు చింపి పంపుతారు. అంత చేసినా ముగ్గురాయిని దాచలేకపోయారు. మంగంపేట గనుల్లో తవ్వే రాయిని అక్కడివాళ్లు అట్లా అంటారు. దాన్ని పొడి కొట్టే మిల్లులో పనిచేసే మనిషి బిడ్డ అది. మిగతా ప్రశ్నల్లో అత్తెసరు మార్కులు. ఈ పేరాకు మంచి మార్కు పడితే పాసు, లేకపోతే ఫెయిలు. సారు పదికి ఎనిమిది వేశారు.

మా పేపర్ల మీద మళ్లీ చూసే చీఫ్ దాన్ని పట్టుకున్నాడు. ఆదోని మనిషి. తన పేరు ముందు చీఫ్ అని పిలవకపోతే పలికేవాడు కాదు. ఎనిమిదిని రెండు చేశాడు. ముగ్గును మగ్గు అని చదివి, మగ్గుకూ రాయికీ ఏం సంబంధమని పదిమందికీ వినపడేలా నవ్వాడు. అంతటితో ఊరుకోలేదు. తెల్లగా వస్తాడు అన్నచోట, తెల్ల బట్టలు వేసుకుని వస్తాడు అని ఇంగ్లీషులో దిద్ది పెట్టాడు. ఆ మిల్లు కూలీకి ఇస్త్రీ చొక్కా తొడిగిన ఘనత ఆయనదే. ఇంగ్లీషు వచ్చినంత మాత్రాన చదవడం రాదని ఆ రోజు తెలిసింది నాకు.

మార్కు మారిస్తే మొదట దిద్దినవాళ్లు పక్కన సంతకం చెయ్యాలి. సారు పెన్ను జేబులో పెట్టేసుకున్నారు.

"పైనుంచి వచ్చిన జవాబుల కీలో ఇట్లాంటివి లేవు సార్" అన్నాడు చీఫ్.

"ఆ బిడ్డ నాయన కీలో ఎందుకుంటాడప్పా? మిల్లులో ఉంటాడు" అన్నారు సారు.

సంతకం పడకపోతే మా కట్ట మూయడానికి లేదు. కట్ట మూస్తేనే ఇళ్లకు పోవాలి. సాయంత్రమైంది. అందరికీ సారు మీద చిరాకు. ఒక్క సంతకానికి ఇంత పంతమా అని గొణుక్కున్నారు. ఆ బిడ్డ ఫెయిలైతే మిల్లుకు పోతుంది కదా అని ఒక్కరూ అనలేదు, సారు తప్ప. ఆయన తాపీగా బుడ్డలు వలుచుకుంటూ కూర్చున్నారు. చివరికి చీఫ్ గోడ గడియారం చూశాడు. ఆదోని బస్సు వెళ్లిపోయే వేళయింది. రెండు కొట్టేసి ఎనిమిది వేసి, సంతకం గీకి, సంచి తీసుకుని పరుగెత్తాడు. న్యాయం గెలిచిందని ఎవరైనా అంటే నమ్మకండి. గెలిచింది ఆదోని బస్సు.

మరుసటి ఏడు సారుకు స్పాట్ ఆర్డరు రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. పట్టనట్టు ఉండేవారు గానీ, వేసవి రాగానే ఫోను చేసేవారు. "పిల్లోళ్లు ఏం రాసినారమ్మా?" నేను ఏరి పెట్టుకున్న వాక్యాలు చెప్పేదాన్ని. మంచిది వింటే మళ్లీ ఒకసారి చెప్పమనేవారు. ఈ ఏడు ఎవరికి చెప్పుకోవాలో నాకు తెలియదు.

సంతాప సభలో ఆ చీఫే మైకు పట్టుకున్నాడు. సారు కీకి కట్టుబడి దిద్దేవారని, క్రమశిక్షణకు మారుపేరని, మన ఇంగ్లీషుకు వెన్నెముక అని చదివాడు. గైడు నాయనే మళ్లీ వచ్చాడు. నేను మధ్యలోనే లేచి వచ్చేశాను.

పెద్దకర్మ అయిన మరునాడు ఆత్మకూరు పోయాను. సారు పోయినప్పటి నుంచి ఆ వాకిట్లో ముగ్గు లేదు. సారుకు పిల్లల్లేరు. "నాకు నడుము వంగదు, నువ్వెయ్యమ్మా" అని సారు భార్య ముగ్గు డబ్బా చేతికిచ్చింది. నీళ్లు చల్లి వంగాను. ఎండాకాలపు గాలి ఒక్కసారిగా తిరిగి డబ్బాలోని పొడంతా నా మీదికి ఎత్తి పోసింది.

ఆమె గడపలోంచి చూసి, చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆమెకు ఆ పేపరు సంగతి తెలియదు.

"మొగం కడుక్కోపోమ్మా. కండ్లు తప్ప ఏం కనపడ్డం లేదు" అంది.

తొట్టి దగ్గరికి పోబుద్ధి కాలేదు. తెల్లగా అట్లాగే వాకిట్లో నిలబడిపోయాను.