బొంగురు బాగుందన్నారు

ఊళ్లకు కేబుల్ టీవీ వస్తున్న రోజులు. హైదరాబాదులో సీరియల్ షూటింగ్. పొద్దున మంచినీళ్లు అడగబోతే నా గొంతు పలకలేదు, గీరుకుంది. నేను భయపడలేదు. సోమందేపల్లె దగ్గర మా వీధినాటకాల జట్టులో గొంతు పగిలితేనే దుర్యోధనుడు పలుకుతాడంటారు. ఇరవై ఏళ్లు ఆ వేషం కట్టి, చిల్లర సినిమా వేషాలు వేసి, చివరికి ఈ సీరియల్లో విలన్ అయ్యాను. డైరెక్టరు కూడా, "ఈ బొంగురు బాగుందయ్యా, ఇలాగే ఉంచు" అన్నాడు.

ఎనిమిది నెలలు ఉంచాను.

నాకు చదువు రాదు. నా భార్య లక్ష్మీదేవి డైలాగులు చదివితే విని పట్టేవాణ్ణి. ఒకరోజు కాగితాలు పక్కన పెట్టేసింది. "నేను చదివేది ఒకటి, నీ నోట్లో వచ్చేది ఇంకోటి. ఇది వేషం కాదయ్యా, రోగం. పోదాం పా."

మా ఊరికి దగ్గరని బెంగుళూరు పోయాం. ఆసుపత్రిలో గొంతులోంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేశారు. డాక్టరు మన వైపు మనిషే.

"క్యాన్సరప్పా. గొంతుపెట్టె తీసెయ్యాల. మెడలో రంధ్రంతోనే ఊపిరి. మాట ఉండదు."

"మాట లేనోడు శవం వేషానికే పనికొస్తాడు సార్."

"ఆలస్యం చేస్తే వేషం గూడ అక్కర్లేదు."

ఒప్పుకోలేదు. రేడియేషన్ చాలన్నాను. నోరంతా పుండై గంజి కూడా దిగలేదు. అది తగ్గగానే షూటింగుకు పోయాను, చెకప్‌కు పోలేదు. నాలుగు నెలలకు గడ్డ మళ్లీ వచ్చింది. ఇక గొంతుపెట్టె తీసేసే ఆ లారింజెక్టమీ తప్పలేదు.

ఆపరేషనైన పదో రోజు వార్డు టీవీలో మా సీరియల్ వచ్చింది. ముఖం నాది, డబ్బింగ్ గొంతు ఎవరిదో. నా బొంగురును బాగానే పట్టాడు.

పక్క మంచం ఆయన, "అన్నా, అది నువ్వే కదా? గొంతు భలే ఉండాదే" అన్నాడు.

గోడ వైపు తిరిగాను. ఆ వారం ముక్కులోని ఫీడింగ్ ట్యూబు రెండుసార్లు పీకేశాను. చావాలనే.

రెండోసారి లక్ష్మీదేవి ఏడవలేదు. పలక తెచ్చి నా గుండెల మీద పెట్టింది. "ఇన్నేండ్లు నేను చదివితే నువ్వు పలికినావు. ఇప్పుడు నువ్వు రాయి, నేను పలుకుతా."

రోజూ పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించింది. యాభై ఆరేళ్లకు నేను రాసిన మొదటి మాట నీళ్లు.

ఇప్పుడు వేషాలు లేవు. ఎండాకాలం దుమ్ము గాలికి మెడ రంధ్రం మీద తడిగుడ్డ కప్పుకుంటాను. కోపం వస్తే ఇప్పటికీ నోరు తెరుస్తాను. గాలి మెడలోంచి పోతుంది.

గొంతు బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. బాగుందని ఎవరు మెచ్చుకున్నా సరే.