పక్కగదిలోంచి వినే మనిషి

ఆయన పళ్ళు చేసేవాడు. డాక్టరు కాదు. డాక్టర్లు రోగుల నోళ్ళలోంచి తీసిన అచ్చులు ఆయన బల్ల మీదికి వస్తే, వాటికి అమరేలా కట్టుడుపళ్ళు తయారుచేసి పైకి పంపేవాడు. దంతవైద్యశాల కింద, సగం నేలలోకి దిగిన పొడుగాటి గది ఆయన పనిచేసే చోటు. ఒక మూల మైనం కరిగించే చిన్న మంట, ఇంకో మూల మెరుగుపెట్టే చక్రం, ఎటు చూసినా అచ్చులు పోసే తెల్లపొడి. జుట్టులో, కనుబొమల్లో, చొక్కా జేబులో కూడా ఆ పొడే. పై అంతస్తు నర్సులు ఆయన్ని పళ్ళాయన అనేవాళ్ళు. చాటున కాదు, ముఖం మీదే అనేవాళ్ళు. ఆయనా పలికేవాడు. ఇన్నేళ్ళుగా ఎంతమందికి పళ్ళు చేశాడో లెక్కలేదు గాని, వాళ్ళలో ఒక్కరి ముఖమూ ఎరగడు. అచ్చు వచ్చేది, పళ్ళు వెళ్ళేవి.

మాటకారి కాదు. అడిగితే చెప్పేవాడు, అడక్కపోతే అదే పదివేలనుకునేవాడు. మౌనం ఆయనకెప్పుడూ బరువు కాలేదు. బరువైంది భార్య వెళ్ళిపోయాకే.

ఆవిడ పసిపిల్లల బడిలో టీచరు. పొద్దస్తమానం పిల్లల గోలతో చెవులు గింగుర్లెత్తిపోయి ఇంటికొచ్చేది. కాళ్ళు కడుక్కుని, తండ్రి ఇచ్చిన పాత మ్యూజిక్ సెట్టు పెట్టుకుని ముందుగదిలో కూర్చునేది. దానికి నడుమెత్తు చెక్క స్పీకర్లు రెండు. ఆ వేళకి ఆయన వంటింట్లో ఉండేవాడు. ఆ ఇంట్లో వంట ఆయనదే. చేతిపని మనిషి కదా, కూరగాయలు తరగడంలోనూ పళ్ళు చెక్కేటంత శ్రద్ధ. గోడ అవతల వయొలినో, పిల్లనగ్రోవో, ఎవరిదో గొంతో మోగుతూ ఉండేది. ఆయన విన్నాడని అనలేం. చెవిన పడేది, అంతే. మరీ హోరుగా ఉంటే, “కొంచెం తగ్గించు!” అని కేకేసేవాడు. ఆవిడ తగ్గించేది.

వాళ్ళు పోట్లాడుకోలేదు. పోట్లాడుకుని ఉంటే ఎక్కడో ఒకచోట మాట కలిసేదేమో. ఒకరోజు ఆవిడ వేరే ఊళ్ళో బడికి మార్పించుకున్నానని చెప్పింది. అడిగి మరీ మార్పించుకుంది.

“ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా వచ్చి పక్కన కూర్చున్నారా?” అంది, చీరలు పెట్టెలో సర్దుకుంటూ. గొంతులో కోపం లేదు.

“మరి వంటెవరు చేస్తారు?” అన్నాడాయన. అది సరైన జవాబే అనుకున్నాడు పాపం. ఆవిడ చిన్నగా నవ్వి, పెట్టె మూత వేసింది.

సామాను తీసుకెళ్ళే బండిలో మ్యూజిక్ సెట్టు కూడా వెళ్ళిపోయింది. తర్వాత నాలుగేళ్ళు ఆ ఇంట్లో వినబడింది ఫ్రిజ్ గురగుర, లిఫ్టు తలుపు టకటక, కుళాయి చుక్క. కుళాయి బాగుచేయించాడు. అదీ ఆగిపోయాక, ఎందుకు బాగుచేయించానా అనుకున్నాడు. టీవీ పెట్టి చూశాడు. టీవీలో మనుషులు ఎప్పుడూ తనకేదో అమ్మజూపుతున్నట్టు, తనతోనే మాట్లాడుతున్నట్టు ఉండేది. ఆయనకు కావలసింది అది కాదు. ఏం కావాలో మాత్రం తెలియలేదు.

తెలిసింది ఓ మధ్యాహ్నం, పనిలో ఉండగా. ఎవరో నర్సు మెట్ల మీద ఫోను పెట్టి పాటలు వింటూ అన్నం తింటోంది. తలుపు ఓరగా వేసి ఉంది. ఆ సందులోంచి పాట సన్నగా లోపలికొచ్చింది. ఆయన చేతిలో ముందుపన్ను ఒకటి చక్రం మీద తిరుగుతోంది. ఉన్నట్టుండి ఆయన ఒళ్ళంతా తేలికపడింది. ఇల్లు గుర్తొచ్చింది. అలికిడి! పక్కగదిలో ఒక మనిషి తన పని తాను చూసుకుంటున్న అలికిడి. ఆ పన్ను అవసరానికి మించి అరిగిపోయింది. పారేసి ఇంకోటి మొదలుపెట్టాడు.

ఆ ఆదివారం అక్క ఫోను చేస్తే, స్పీకర్లు కొందామనుకుంటున్నానని చెప్పాడు.

“స్పీకర్లా? నీకా?” అక్క పకపకా నవ్వింది. “ఒరేయ్, బళ్ళో ప్రార్థనప్పుడు కూడా పెదాలు కదిపేవాడివి గాని గొంతు పెగిలేది కాదు కదరా నీకు!”

“పాడటానికి కాదక్కా, వినడానికి.”

“టీవీ ఉందిగా?”

“అది వేరు.”

“ఏంట్రా వేరు?”

చెప్పలేకపోయాడు. అక్క తిండి సరిగ్గా తింటున్నావా అని అడిగింది. ఏ మాట మొదలుపెట్టినా అక్కయ్య చివరికి తేలేది అక్కడే.

స్పీకర్ల షాపు ఆయన రోజూ నడిచే వీధిలోనే ఉంది, పైపుల దుకాణానికీ తాళంచెవులు చేసే బడ్డీకీ మధ్య. లోపల ఒకావిడ, ముప్ఫై దాటి ఉంటాయి, జుట్టు పైకి ముడిచి పెన్సిలు గుచ్చుకుని, వైర్ల చిక్కు విప్పుతోంది. ఆయన సంగతి చెప్పాడు. గది చిన్నది, మరీ ఖరీదైనవి వద్దు, పుస్తకాల అరలో పట్టాలి.

“పేరుకి బుక్‌షెల్ఫ్ స్పీకర్లే గాని సార్, అరలోకి తోసేస్తే సగం వాటికి ఊపిరాడదు,” అందావిడ. ఒకదాన్ని తిప్పి, వెనక ఉన్న గుండ్రటి రంధ్రం చూపించింది. “ఇదిగో, గాలి ఇటునుంచి వస్తుంది. గోడకి ఆనిస్తే గుమ్‌గుమ్మని ఒకటే మోత. మీకు రంధ్రం ముందువైపున్నవి చూద్దాం. ఆంప్లిఫయర్ ఉందా ఇంట్లో?”

“లేదమ్మా. ఏమీ లేదు.”

“అయితే అదీ లోపలే ఉన్న జత తీసుకోండి. ఫోను కలుపుకుంటే చాలు. డబ్బు కూడా కలిసొస్తుంది.”

షాపు వెనక గోడలకి మెత్తలు వేసిన చిన్న గది ఉంది. ఎదురుగా బల్ల మీద రకరకాల స్పీకర్లు, నట్టనడుమ ఒకే ఒక్క కుర్చీ. ఆవిడ ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఒక పాట పెట్టింది. పాట ముఖం మీదికి వచ్చిపడింది. ఆయన ఇబ్బందిగా కదిలాడు. ఎవరింటికో వెళితే, బతిమాలి మర్యాదలు చేస్తున్నట్టుంది.

“కొంచెం బయట నిలబడి వినొచ్చా?” అన్నాడు.

“బయటంటే?”

“తలుపవతల.”

ఆవిడ వింతగా చూసింది. “స్టీరియో అంటేనే రెండిటి మధ్యా కూర్చుని వినడం కదా సార్! అవతలికి వెళితే ఇంక రెండెందుకు? ఒక్కటి కొనుక్కోండి, నాకే నష్టం,” అని నవ్వింది.

నోటికొచ్చింది అనేశాడు. “మా ఆవిడ వింటుంది. ముందుగదిలో కూర్చుని. నేను వంటింట్లో ఉంటాను. నాకు అక్కడికి ఎలా వినబడుతుందో...”

“అదా సంగతి! అయితే రేపు మేడమ్‌ని తీసుకురండి. వినేవాళ్ళ చెవి కదా ముఖ్యం.”

తీసుకొస్తానని చెప్పి బయటపడ్డాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆ షాపు ముందు నడవకుండా పక్కవీధి చుట్టూ తిరిగి పనికెళ్ళాడు. అబద్ధం చిన్నదే, కాళ్ళకే శ్రమ.

చివరికి ఒక సాయంత్రం వాన పట్టుకుంది. చుట్టు తిరిగే ఓపిక లేక తిన్నగా వస్తుంటే, షాపావిడ గుమ్మంలోంచి, “సార్! మేడమ్ రాలేదా?” అని పలకరించింది. తడుస్తూ ఎంతసేపని నిలబడతాడు, లోపలికెళ్ళాడు. చెప్పులు విప్పబోయి, విప్పక్కర్లేదనడంతో మళ్ళీ తొడుక్కున్నాడు.

“ఆవిడ రారమ్మా,” అన్నాడు. “ఇక్కడ లేరు. వేరే ఊళ్ళో ఉంటారు. నాలుగేళ్ళయింది. నేనే... ఇంట్లో అలికిడి లేక.”

షాపావిడ అయ్యో అనలేదు. ఓదార్చనూ లేదు. అందుకు ఆయన మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. ఆవిడ తలలోంచి పెన్సిలు తీసి, అట్టముక్క ఒకటి ముందుకు జరిపింది.

“ఇల్లు గీసి చూపించండి సార్. వంటింటి తలుపు ఎటుంటుంది?”

ఆయన గీశాడు. ముందుగది, పుస్తకాల అర, గోడ, తలుపు, పొయ్యి. పొయ్యి దగ్గర తను నిలబడే చోట చుక్క పెట్టాడు. ఆవిడ అది చూసి, మెత్తల గదిలోకెళ్ళి కుర్చీ తీసి పక్కన పడేసింది. స్పీకర్లు ఒక మూలకు జరిపింది, తలుపు సగం మూసింది. ఆయన్ని షాపులో, వైర్ల చుట్టల మధ్య, ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబెట్టింది.

“పల్చటి చప్పుళ్ళు తలుపు దాటి రావు సార్, అక్కడే ఆగిపోతాయి. మీదాకా వచ్చేది మనిషి గొంతు, వయొలిన్, అలాంటివి. అవి ఎందులో బాగుంటే అదే మీది. మిగతా గొప్పలు నేను చెప్పినా మీరు పట్టించుకోకండి.”

ఒక జత పెట్టింది. బాగానే ఉంది గాని, పెళ్ళిపందిట్లో మైకులా ఉంది. ఇంకోటి పెట్టింది. అది గోడనంతా గుద్దుతోంది. మూడోది అన్నిటికన్నా చవక, చూడ్డానికి రొట్టెల డబ్బాల్లా ఉంది, రంగు కూడా ఏమంత బాగాలేదు. అందులో ఒక ఆడగొంతు మెల్లగా మొదలైంది. మాటలు తెలియడం లేదు. కాని ఎవరో ఉన్నారు అక్కడ. తలుపవతల, తన పని తాను చూసుకుంటూ, ఎవరో ఉన్నారు.

“ఇవే,” అన్నాడాయన. షాపావిడ ఆయన వైపు చూడకుండా, అట్టపెట్టె వెతుకుతూ చాలాసేపు వంగే ఉంది.

ఇంటికి తెచ్చుకున్నాడు. అర ఖాళీ చేసి, స్పీకర్ల కింద మందపాటి గుడ్డ మడతపెట్టి పరిచాడు. ఫోను కలిపి, చేతికి దొరికిన పాటేదో పెట్టి, వంటింట్లోకి వెళ్ళాడు. అలా కొన్నాళ్ళు మహా సుఖంగా గడిచింది. పనినుంచి రావడం, పాట పెట్టడం, కూర తరుక్కోవడం. ఆకలి కూడా వేసేది. “గొంతులో కళ వచ్చిందిరా,” అంది అక్క ఫోనులో.

ఒక సాయంత్రం పోపు వేస్తున్నాడు. ముందుగదిలో ఏదో వాయిద్యం ఉన్నట్టుండి హోరెత్తింది. గరిటె చేతిలో ఉంది, ధ్యాస మూకుడు మీద ఉంది.

“కొంచెం తగ్గించు!” అని కేకేశాడు.

కేకేసి, తగ్గుతుందని ఎదురుచూశాడు. తగ్గలేదు.

పొయ్యి ఆర్పాడు. చేతులు తుడుచుకుని ముందుగది గుమ్మంలో నిలబడ్డాడు. గదిలో దీపం కూడా వేసిలేదు. అరలో రెండు డబ్బాలు వాటి మానాన అవి మోగుతున్నాయి. వాటి ముందు ఎవరూ లేరు. అప్పుడు ఆయనకు ఒక సంగతి తట్టింది. ఆవిడ ఉన్న రోజుల్లో కూడా ఈ గది ఆవిడకి ఇలాగే ఉండేదేమో. లోపల పాట, అవతల గిన్నెల చప్పుడు, మధ్యలో గోడ, గోడ మీదుగా ఒక కేక. ఆవిడ కూడా పక్కగదిలో అలికిడితోనే కాపురం చేసింది.

మర్నాడు సెలవు. పొద్దున్నే ఆవిడకి ఫోను చేశాడు. పండక్కో పబ్బానికో తప్ప చేయడు కాబట్టి, ఆవిడ “ఒంట్లో బాగానే ఉందా?” అని కంగారుపడింది.

“బాగానే ఉన్నాను. చిన్న స్పీకర్లు కొన్నాను.”

“మీరా?”

“నేనే. నువ్వు ఎప్పుడూ పెట్టుకునేదానివే, సాయంత్రాలు... అది కావాలి. పేరు తెలీదు.”

“చాలా పెట్టేదాన్ని. ఏదని చెప్పను?”

ఆయన గొంతు సవరించుకున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా పెదాలు మూసుకుని, గోడ వెనకనుంచి విన్న మేరకు, ఆ వరస కూనిరాగం తీశాడు. ఒకచోట తప్పాడు. వెనక్కెళ్ళి మళ్ళీ తీశాడు.

“తెలిసింది,” అందావిడ. “రెండు వయొలిన్‌లది. నాన్నకి ఇష్టం. పంపిస్తాను ఉండండి.” తర్వాత, “మీకు వినబడుతూనే ఉందన్నమాట,” అంది.

“వినబడుతూనే ఉంది.”

“చెప్పలేదే ఎప్పుడూ.”

ఈసారి ఆయన వంట సాకు చెప్పలేదు. ఆవిడ వెనకాల ఎవరో పిలిచారు, పొయ్యి మీద పాలున్నాయని. “సరే మరి, ఉంటాను. ఒంట్లో జాగ్రత్త,” అని మర్యాదగా చెప్పి పెట్టేసింది. ఆ మర్యాదలో ఆయనకు తెలిసిపోయింది, ఆవిడ ఇల్లు ఇప్పుడు అక్కడే ఉందని. కాసేపటికి ఫోనులో పాట వచ్చింది. దానితో ఒక్క మాట కూడా లేదు.

వంటింట్లోంచి కుర్చీ తెచ్చి, అరకు ఎదురుగా, రెండు స్పీకర్లకీ నడుమ వేసుకుని కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. వయొలిన్ మొదలైంది. ఆయనకు తెలిసిన వరసే, కుడివైపునుంచి. కొంతసేపటికి ఎడమవైపునుంచి ఇంకో వయొలిన్ అందుకుంది. మెత్తగా, కిందిస్థాయిలో, మొదటిదానికి ఊఁ కొడుతున్నట్టు. ఇన్నేళ్ళలో ఆ రెండోది ఉందనే ఆయనకు తెలియదు. అది ఏనాడూ గోడ దాటి రాలేదు.

పాట అయిపోయింది. మళ్ళీ పెట్టుకున్నాడు. ఆవిడకి ఫోను చేసి ఆ రెండో వయొలిన్ సంగతి చెప్పాలనిపించింది. ఫోను చేతిలోకి తీసుకున్నాడు కూడా. ఆవిడకి తెలియనిదా అది! కింద పెట్టేశాడు.

మధ్యాహ్నం చెత్త పారేయడానికి తలుపు తీస్తే, పై ఇంటి ముసలావిడ సంచీ పట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కుతోంది. లిఫ్టు పనిచేయడం లేదు. ఆయన్ని చూసి ఆగింది.

“పొద్దుట్నుంచీ వినబడుతోంది. ఇంటికెవరన్నా వచ్చారా నాయనా?”

“ఎవరూ రాలేదండీ. నేనే.”

“ఓహో,” అందావిడ. “నువ్వే అయితే పర్లేదులే, వాయించుకో.”

ఆయన చెత్తసంచీ గోడకి ఆనించి, ఆవిడ చేతిలో బరువు అందుకుని మెట్లెక్కాడు. వెనక, తలుపు తీసే ఉన్న ఇంట్లోంచి, ఒక్క వయొలినే వినిపిస్తోంది.